మట్టి చెయ్యని కాలు

చంకకర్రల మీద వేలాడుతూ ఆ మనిషి మళ్ళీ వచ్చి పిల్ల మంచం దగ్గర ఆగాడు.

"పాప వేళ్ళు కదుపుతోందా అమ్మా?"

నాగేంద్రమ్మ గబుక్కున దుప్పటి లాగి కనకం కాలి కట్టు మీద కప్పేసింది.

ఒంటికాలి మనిషి రోజూ వచ్చి పిల్ల కాలి వంకే చూస్తుంటే దిష్టి తగలక ఏమవుతుంది?

అసలే ఆమె ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఉంది. నూజివీడు తోటలో మామిడికాయలు కోసే చిక్కం కర్రని చెట్టుకి ఆనించింది తనే. అది జారింది. దాని కొసన కట్టిన కత్తి ఎనిమిదేళ్ళ కనకం మడమ వెనక దిగింది. పిక్కనీ మడమనీ కలిపే లావుపాటి నరం తెగి, చీముపట్టి కుళ్ళిపోయింది.

బెజవాడ ఆసుపత్రిలో పిల్ల తొడలోంచే పొర తీసి అతికారు. లేత పొర. నడక మొదలెట్టిన నాడే పుటుక్కున తెగింది.

రెండోసారి వేరే మనిషి నరం అతికాక డాక్టరు భావనారాయణగారు ఆమెను పిలిచి, మిగిలిన తెల్లటి ముక్కొకటి చూపించారు. దాన్ని స్ప్రింగు కాటా కొక్కేనికి తగిలించి, బలంకొద్దీ కిందికి లాగారు.

"పిల్ల ఇరవై కేజీలుంటుంది. పరుగెత్తితే మడమ దగ్గర దానికి నాలుగైదు రెట్లు లాగుతుందమ్మా. ఈ సన్న ముక్కే యాభై కేజీలకి తెగలేదు. కనకానికి వేసింది దీనికి నాలుగింతల లావు."

"ఎవరిదండీ ఇది?"

"ఒకరిచ్చారు. పేరు చెప్పొద్దన్నారు."

దాంతో ఇంకో భయం పట్టుకుంది. బతికున్నోళ్ళెవరు నరం కోసిస్తారు, పేరు దాచారంటే శవానిదే. ఆ చచ్చిన ప్రాణం తన నరం కోసం పిల్లని వెతుక్కుంటూ రాదు కదా?

అది చాలదన్నట్టు ఈ ఒంటికాలి పెద్దిరాజు ఒకడు.

హనుమాన్ జంక్షన్‌లో లారీలకి మామిడికాయల గంపలెత్తే కూలీ. లారీ వెనక్కి దొర్లి తొడ నుజ్జయితే, ఆ కాలు మొత్తం తీసేశారట. తీసిన కాలుని ఎవరైనా తెచ్చుకుని మట్టి చేస్తారు. లేకపోతే వచ్చే జన్మకీ అవిటితనం తప్పదంటారు. ఇతను కాలు అడగనేలేదట. బాపులపాడులో గొయ్యి తవ్వించి మరీ వచ్చిన తల్లి అచ్చమ్మ, వరండాలో కూర్చుని రోజూ దానికే ఏడ్చేది.

నాగేంద్రమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"సొంత కాలు మట్టి చేసుకోనోడివి, నా పిల్ల కాలుతో నీకేం పనయ్యా?"

పెద్దిరాజు మొహం చిన్నబోయింది. కర్రలు సర్దుకున్నాడు.

"ఏం లేదమ్మా. పాప నడిచే రోజు చెప్పు, చూసి పోతాను."

నడిచే నాడు కూడా ఆ కళ్ళు పడాలా? నాగేంద్రమ్మ వెళ్ళి నర్సు రాజరాజేశ్వరి కాళ్ళావేళ్ళా పడి, అతని మంచాన్ని ఆ చివరి వరండాకి మార్పించేసింది.

ఆ తర్వాత అతను రాలేదు.

ఆరు వారాలకి కట్టు విప్పారు. కనకం తల్లి చేతులు పట్టుకుని లేచింది. నాగేంద్రమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఆ పుటుక్కుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించింది.

ఒక అడుగు.

చప్పుడు రాలేదు.

నాలుగో అడుగుకి పిల్లే చెయ్యి విడిపించుకుంది.

"చూడవే అమ్మా, నువ్వే వణుకుతున్నావు," అంది.

నాగేంద్రమ్మ అక్కడే నేల మీద కూలబడి, వెక్కుతూ నర్సు కొంగు పట్టుకుంది. ఆ చచ్చిపోయిన పుణ్యాత్ముడి పేరు ఇప్పుడైనా చెప్పమంది. బతికున్నన్నాళ్ళూ ఆయన పేరున దీపం పెట్టుకుంటానంది.

"చచ్చిపోవడమేంటి నాగేంద్రమ్మా? పొద్దున్నే తల్లితో బాపులపాడు బస్సెక్కాడు," అంది రాజరాజేశ్వరి.

"ఎవరు?" అంది నాగేంద్రమ్మ.

"గొయ్యిలో పెడితే మట్టైపోయేదే కదా, ఇరవై ఏళ్ళు గంపలు మోసిన నరం, ఆ పాపకైతే తెగదు అని తల్లికి కూడా చెప్పకుండా వేలిముద్ర వేశాడు, తన కాలు మళ్ళీ నడవడం ఒక్కసారి చూద్దామనుకున్నాడు, మీరే కదా మంచం మార్పించారు."