ముసలి జీపు, టర్బో, పిల్లి

మెకానిక్ షెడ్డు వెనక పెరట్లో ఒక ముసలి జీపు ఉండేది. ఘాట్ రోడ్డు మీద పాలక్యాన్లు మోసి మోసి దాని ఇంజను అరిగిపోయింది. సాయంత్రం అది తిరిగి రాగానే బూడిదరంగు పిల్లి ఒకటి వెచ్చటి బానెట్ మీదకి దూకి పడుకునేది.

ఒకరోజు మలుపులో కొత్త కారొకటి జీపును దాటి, హారన్ కొట్టి మరీ వెళ్ళింది. జీపుకు ఒళ్ళు మండిపోయింది.

షెడ్డు బల్ల మీదున్న, ఇంజను జోరు పెంచే టర్బో అదను చూసుకుంది. "నన్ను బిగించుకో తాతా! నీ ఇంజన్లోకి గాలి కుక్కి కుక్కి పెడతాను. కొండ ఒక్క ఊపులో ఎక్కేస్తావు."

"రేపే బిగించుకుంటా," అంది జీపు.

పిల్లి కళ్ళు తెరిచింది. "మరి నువ్వేం తాగి బతుకుతావే టర్బో?"

"ఇంజనాయిలే. అది అందకపోతే మాడిపోతాను."

"పొద్దున తాత స్టార్టయితే ఆ నీలం పొగకి నాకు ఊపిరాడదు. పోసిన ఆయిలంతా తనే కాల్చేసుకుంటున్నాడు. నీకు గుక్కెడైనా మిగులుతుందా? నువ్వు గాలి కుక్కితే, లోపల ఒత్తిడిని పట్టి ఉంచే ఆ అరిగిన పిస్టన్ రింగులు ఆగుతాయా?"

జీపు తన రింగులతో మెల్లగా అంది: "ఇన్నేళ్ళూ మీరు పట్టుకునుంటేనే కొండెక్కాను. ఆ సంగతే మరిచాను. మన నడకే నడుద్దాం."

మర్నాడు దారిలో ప్రతి బండీ జీపును దాటిపోయింది. అయినా అది పాలు విరగకముందే దించి, పొద్దుగూకేలోగా ఇంటికొచ్చింది. పిల్లి ఈసారి తన పిల్లల్ని కూడా నోట కరుచుకొచ్చి బానెట్ మీద పడుకోబెట్టింది.

"నువ్వెంత జోరుగా వెళ్ళావో మాకెందుకు తాతా," అంది. "వెచ్చగా తిరిగొచ్చావు."