చెరువు దారి జీపు

“సఫారీ ఎందుకమ్మా, నందికొండకు పోండ్రి,” అన్నాడు రఘుపతి, కంప్యూటర్ తెరను యాదలక్ష్మి వైపు తిప్పుతూ. “లాంచీల కూసోని కొండమీదికి పోతరు, మ్యూజియం చూస్తరు. మర్నాడు నారాయణపేటల మగ్గాలు చూసి, ఒక చీర కొనుక్కొని ఇంటికొస్తరు. పెద్దమనిషికి తిప్పలుండయి.”

“మాకు మ్యూజియం వద్దన్నా. అడివే కావాలె.”

జడ్చర్ల బస్టాండు ఎదురుగా ఉన్న ఆ టూర్ల ఆఫీసుకు ఆమె రావడం ఆ వారంలో అది మూడోసారి. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ముగించుకుని నేరుగా వచ్చింది. ఈసారి తండ్రి గాలయ్యను కూడా వెంట తెచ్చుకుంది. ఆయన ఉబ్బిన కాళ్లను చాపుకుని పక్క కుర్చీలో ఆయాసపడుతున్నాడు.

రఘుపతి గొంతు తగ్గించాడు. “జీపు ఎగిరెగిరి పడ్తదమ్మా. అంత కష్టపడి పోయినా పులి కనబడుతదని గ్యారంటీ లేదు. నూరుమందిల పదిమందికి గూడ కనబడదు.”

“కనబడకున్నా మంచిదే.”

“మరెందుకు గింత తండ్లాట?”

“ఒక్కసారి చూడాలంటుండు. అన్నం ముట్టడు, నిద్రపోడు. ఎప్పుడు చూసినా అదే మాట.”

“ముసలితనంల గట్లనే ఉంటది. మా నాయిన విమానం ఎక్కాలన్నడు,” అని నవ్వాడు రఘుపతి. “అక్టోబర్ల పెట్టుకుందాం తియ్యి. ఎల్లుండి సంది అడివి మూసేస్తరు. వానలు పోయేదాక మూడు నెలలు జీపులు నడువయి.”

యాదలక్ష్మి నవ్వలేదు. పాలమూరు దవాఖానలో డాక్టరు కూడా మూడు నెలల మాటే చెప్పాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయని, మూడు నెలలు గడవడం కష్టమని, ఆయన అడిగింది పెట్టండని.

ఆమె గబుక్కున వంగి బల్ల కింద నుంచి రఘుపతి కాళ్లు అందుకోబోయింది. “నీ కాళ్లు మొక్కుతన్నా. రేపటి జీపుల రెండు సీట్లు సూడు.”

రఘుపతి కంగారుగా లేచి నిలబడ్డాడు. “అయ్యో, లెవ్వమ్మా! చూస్తున్న కదా.” మళ్లీ కూర్చుని మీటలు నొక్కాడు. “ఆఁ, రెండున్నయి. వ్యూ పాయింట్ దారి.”

అంతవరకూ నోరెత్తని గాలయ్య తలెత్తాడు. “చెరువు దారి కాదా?”

“అది నిండింది తాతా. హైదరాబాదోళ్లు జీపు మొత్తం తీసుకున్నరు. వ్యూ పాయింటే మంచిగుంటది, లోయంతా కనబడుతది.”

“నాకు లోయ వద్దు బిడ్డా. చెరువు దిక్కే పోవాలె.”

పులులు నీళ్లు తాగడానికి వస్తాయని ఎవరో చెప్పి ఉంటారనుకున్నాడు రఘుపతి. ఉన్న రెండు సీట్లే రాసి కాగితం చేతికిచ్చాడు. “గేటుకాడ అడుగుండ్రి. ఎవరన్న మార్చుకుంటే మీ అదృష్టం.”

మర్నాడు మొదటి బస్సెక్కారు. అచ్చంపేట చేరేలోగా గాలయ్య రెండుసార్లు కక్కుకున్నాడు. యాదలక్ష్మి కొంగుతో ఆయన మూతి తుడిచింది.

“నాయినా, మళ్లిపోదామా?”

“ఇంక మళ్లిపోతే ఎన్నడొస్త?” అన్నాడాయన.

మన్ననూరు గేటు దగ్గర హైదరాబాదు వాళ్లు అప్పటికే జీపెక్కి కూర్చున్నారు. ఆరుగురు. సీట్లు మార్చుకొమ్మని యాదలక్ష్మి వాళ్లను బతిమాలింది.

“మేం నెల కిందటే బుక్ చేసుకున్నామండీ. మీ ఇద్దరి కోసం మేమెందుకు విడిపోవాలి?” అన్నాడు ముందు సీట్లో ఉన్నాయన.

యాదలక్ష్మి సంచిలోంచి దవాఖాన కాగితాలు తీసి ఆయన ముందు పరిచింది. “ఈయన అక్టోబరు దాక ఉండడు సారూ!”

అనేశాక గానీ తండ్రి వెనకే నిలబడ్డాడని ఆమెకు గుర్తు రాలేదు. ఆ మాట ఆయన వినడం అదే మొదటిసారి. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గాలయ్య మాత్రం చిన్నగా తలూపాడు, ఎప్పుడో తెలిసిన సంగతే అన్నట్టు.

జీపులో ఉన్న సుమన అనే ఆమె ఆ ఇద్దరినీ చూసింది. భర్త భుజం తట్టి, “దిగండి. మనిద్దరం వాళ్ల వ్యూ పాయింట్ జీపులో వెళ్దాం,” అంది.

గైడు నాగేందర్ ఇద్దరి చేతా సంతకాలు చేయించాడు. “లోపల కాలు కింద పెట్టద్దు. ఏమన్నయితే నా నౌకరి పోతది.”

జీపు అడవిలోకి దిగింది. చుక్కల జింకలు అడ్డం వచ్చాయి. నెమలి ఎగిరింది. అందరూ ఫోన్లు పైకెత్తారు. గాలయ్య వాటి వంక చూడలేదు. ఇనుప కడ్డీ పట్టుకుని, మెడ చాచి, ముందుకే చూస్తున్నాడు. గతుకు పడ్డప్పుడల్లా బాధకు కళ్లు మూసుకుని మళ్లీ తెరుస్తున్నాడు.

చెరువు దాటగానే చెట్లు పలచబడ్డాయి. నడుమెత్తు గడ్డి గాలికి ఊగుతోంది. గడ్డి నడుమ ఒకచోట కూలిన మట్టిగోడ తేలి ఉంది.

“గిది జింకలు మేసే జాగా. చప్పుడు చెయ్యద్దు,” అన్నాడు నాగేందర్.

“జర ఆపు బిడ్డా.”

జీపు ఆగిందో లేదో గాలయ్య ఒక కాలు బయటికి పెట్టాడు. నాగేందర్ గభాల్న ఆయన నడుము పట్టుకున్నాడు.

“దిగొద్దు తాతా! పులి తిరిగే జాగా ఇది!”

“రెండే అడుగులు బిడ్డా. ఒక్క పిడికెడు మన్ను ముట్టుకొని ఎక్కుత.”

“చెప్తే సమజ్ కాదా? నడువు, లోపల కూసో!”

గాలయ్య పెనుగులాడాడు. బలం చాలలేదు. యాదలక్ష్మి ఏడుస్తూనే ఆయనను వెనక్కి లాగి సీట్లో కూర్చోబెట్టింది. ఆయన రెండు చేతులూ ఎత్తి గడ్డి వైపు దండం పెట్టాడు.

నాగేందర్ మనసు కరిగింది. పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు. “పులి కోసం గింత ఆరాటమేంది తాతా? గీ అడివికి రావుడు గిదే మొదటిసారా?”

గాలయ్య గడ్డి మీది నుంచి చూపు తిప్పలేదు.

“టికెట్ కొని మా ఊరికొచ్చుడు గిదే మొదటిసారి బిడ్డా.”