మాస్టారికి దారి

"బాబూ, కాస్త దారివ్వు నాయనా!" అని అనంతకృష్ణ మాస్టారు నోరు తెరిచేలోపే ఎవరి మోచెయ్యో డొక్కలో దిగింది. ఇంకెవరి వీపో వచ్చి ఆయన్ని మళ్ళీ బారికేడ్ దగ్గరికి నెట్టేసింది. ధవళేశ్వరంలో సగం పిల్లలకి ఇంటర్ లెక్కలు చెప్పిన మనిషి! ఆ చీకట్లో, ఆ హోరులో వెనక్కి తిరిగి చూసినవాడు ఒక్కడు లేడు.

రాజమండ్రి కాలేజీ గ్రౌండ్‌లో రాక్ షో. స్టేజీ ముందు కుర్రకారంతా పొట్టేళ్ళలా ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటున్నారు. అదీ డ్యాన్సేనట, ఖర్మ! ఇంట్లో చెప్పకుండా వచ్చేసిన కూతురు అలేఖ్య ఆ గుద్దులాట మధ్యలోనే ఉంది. జారిన భుజానికి మొన్ననేగా కట్టు విప్పారు. మళ్ళీ జారిందంటే ఆపరేషనే అన్నారు డాక్టరుగారు.

"నడిచి వెళ్ళలేరండి అంకుల్," అంది పక్కనున్న అమ్మాయి.

"మరెలాగమ్మా?"

"అదుగో, అలాగండి."

స్టేజీ మీంచి ఒక కుర్రాడు దూకాడు. బోలెడు చేతులు వాణ్ణి అందుకుని, తలల మీంచి మధ్యలోకి చేరవేసి, మెల్లగా దింపాయి.

"కింద పడరూ?"

"అబ్బే, ఎవరు దూకినా పట్టుకుంటారండి!"

మాస్టారు పక్క మెట్ల మీంచి స్టేజీ ఎక్కేశారు. ఈయనెవరో సరదా పెద్దాయన అనుకుని పాటగాడు మైకు నోటి దగ్గర పెట్టాడు.

"ఆపండర్రా! మా అమ్మాయి భుజం!"

"భుజం! భుజం!" అని గ్రౌండంతా అందుకుంది. భుజాలు మరింత గట్టిగా గుద్దుకున్నాయి.

అలేఖ్య ఆయన్ని చూసింది. ఇటు రాబోయి ఆ గుద్దుల్లో నలిగిపోతోంది. మాస్టారికి ఏడుపొచ్చేసింది. ఇంకేం చెయ్యాలో తోచక, అన్నవరం సత్యదేవుడికి ఓ దణ్ణం పెట్టుకుని, కళ్ళు మూసుకుని దూకేశారు.

గాల్లో ఉండగా కింద నుంచి పాత శిష్యుడు మణిదీప్ గొంతు వినిపించింది.

"ఒరేయ్, మన లెక్కల మాస్టార్రా! జరగండి, మాస్టారికి దారివ్వండి!"

అంతే. అంతమందీ గుద్దులాట ఆపి, వినయంగా చెరో పక్కకీ తప్పుకున్నారు.

తప్పుకోనిది ఒక్క అలేఖ్యే. "నాన్నా!" అంటూ రెండు చేతులూ చాపి, సరిగ్గా ఆయన పడేచోటికే పరిగెత్తుకొచ్చింది.