పరకకైనా, బొచ్చెకైనా

మంచిర్యాలలోని గాలాల దుకాణంలో చంద్రవ్వ మూడు కర్రలు వంచి చూసింది. ఏదీ నచ్చలేదు.

"ఏ చేపకు కావాలె అవ్వా?" అడిగాడు దుకాణదారు సాయిచంద్. "పరకలకు సన్నది తీస్కోవాలె. రవ్వ, బొచ్చెలకైతే లావుది."

"అన్నిటికి ఒక్కటే కావాలె. పరక ముట్టినా చేతికి తెల్వాలె, బొచ్చె గుంజినా ఇరగొద్దు."

అతను మధ్యరకం కర్ర తీసిచ్చాడు. "గిది పనికొస్తది. కని దీనికి మరీ పెద్దయి ఆగయి."

"పెద్దయి పడకున్నా ఫికర్ లేదు. దినాం ఏదో ఒకటి ముట్టాలె."

"అమ్మెటందుకా?"

"కాదు, మా ఇంటాయినకు. పోయిన వానకాలం మా బిడ్డ గోదావరిల కొట్టుకపోయింది. అప్పటిసంది దినాం ఒడ్డుకు పోయి కూసుంటుండు. ఉత్త చేతులతోని కూసుంటే నీళ్లు గుంజుతున్నయంటుండు." ఆమె కర్రను దగ్గరకు తీసుకుంది. "చేతుల గాలం ఉంటే, చేప ముట్టేదాకనన్న ఆగుతడేమో."

సాయిచంద్ కర్రకు దారం కట్టడం మొదలుపెట్టి, సగంలో ఆగాడు.

"ఇప్పుడు ఆయన యాడున్నడు అవ్వా?"

"ఒడ్డుకే ఉన్నడు."

సాయిచంద్ దారం అలాగే వదిలేసి, దుకాణం షట్టర్ దించాడు.

"బండెక్కు అవ్వా," అన్నాడు.