పట్టని పైపు

జపాన్ అక్షరాల స్టిక్కర్లను రిద్జువాన్ సెరెంబాన్ బజారులోనే అచ్చు వేయించేవాడు. పైపులేమో అతని షాపు వెనక రేకుల షెడ్డులోనే తయారయ్యేవి. స్టిక్కరు అంటించి, అద్దాల బీరువాలో పెట్టి, పైన లైటు వేస్తే చాలు, కారు పిచ్చోళ్ళంతా వచ్చి నోరెళ్ళబెట్టి నిలబడేవాళ్ళు. ఇంజనుకు ఎక్కువ గాలి అందించే పైపు అది. దాన్ని బిగించిన కారు కదిలితే వీధంతా తల తిప్పి చూడాలి. అదీ వాళ్ళ సరదా.

తీరా బిగించబోతే పట్టకపోతే? దానికీ అతని దగ్గర జవాబుంది.

"తప్పు నీ కారుది తమ్ముడూ. ఇది అసలైన జపాన్ సరుకు!"

ఆ మాట ఎంత దబాయించి అనేవాడంటే, వచ్చినవాడు తన కారునే తిట్టుకుంటూ వెళ్ళిపోయేవాడు.

రొహైజాన్ మాత్రం అలా వెళ్ళిపోయే రకం కాదు. ఆమె ఒక బడి క్యాంటీన్లో వంట చేస్తుంది. శనివారం పొద్దున, షాపు కిటకిటలాడుతున్న వేళ, తన చిన్న ఎర్ర కారును సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఆపింది. తలగుడ్డ సర్దుకుని బానెట్ పైకెత్తింది.

"బాసూ, మీ పైపు నా కారుతో కాపురం చెయ్యనంటోంది."

"మళ్ళీ ఏమైందక్కా?"

"ఏం కాలేదో అడగండి. పైపు బ్యాటరీని గుద్దుకుంటోంది. బిగించే పట్టీ ఒకచోట, బోల్టు రంధ్రం ఇంకోచోట. బానెట్ మూస్తే ఫిల్టరు పైకి తంతోంది. ఇంజన్ దీపం ఆరనే ఆరదు. పైగా ఈల ఒకటి!"

"ఈలేంటి?"

"నేనొస్తుంటే మా వీధిలో ముసలాళ్ళు కూడా వెనక్కి తిరుగుతున్నారు బాసూ. నన్ను చూసి కాదు."

షాపులో అందరూ గొల్లుమన్నారు. రిద్జువాన్ కూడా నవ్వాడు కానీ, అతని చూపు బీరువా వైపు పోయింది. నవ్వుతున్నవాళ్ళలో ఒకడు బీరువాలోని పైపు తీసి, స్టిక్కరు అంచును గోటితో గీకి చూస్తున్నాడు.

రిద్జువాన్ ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "లోపలికి రండక్కా, డబ్బు వాపసు ఇచ్చేస్తా. ఇక్కడ గొడవెందుకు?"

"డబ్బు నాకొద్దు." ఆమె మాత్రం గొంతు తగ్గించలేదు. "తప్పు పైపుదో, కారుదో తేల్చండి. నేను చెబితే ఎవరూ నమ్మట్లేదు. మీలాంటి పేరున్న మనిషి చెబితే నమ్ముతారు. ఫోన్లో వీడియో తీసుకోనా?"

అందరూ అతనివైపే చూస్తున్నారు. కాదంటే పైపు నకిలీదని ఒప్పుకున్నట్టే. అవునంటే కారులో ఏదో ఒక లోపం పట్టుకుని తీరాలి. రిద్జువాన్ జుట్టు సర్దుకుని, "తీసుకోండి" అన్నాడు. బానెట్ కిందికి వంగాడు.

పైపు ఊడదీసి, మళ్ళీ పెట్టి చూశాడు. నిజంగానే పట్టలేదు. మరీ ఇంత తేడాగా చేశామా అని తన షెడ్డువాళ్ళను మనసులోనే తిట్టుకున్నాడు. ఇంకాస్త లోపలికి వంగాడు. అప్పుడు కనబడింది.

ఇంజను వెనక రేకు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా వెల్డింగు అతుకు. దానికి అటువైపు ఒక ఎరుపు, ఇటువైపు ఇంకో ఎరుపు. ఛాసీ నంబరు కొట్టి ఉండాల్సిన చోట ఆకురాయితో అరగదీసిన నునుపు.

రిద్జువాన్‌కి ప్రాణం లేచొచ్చింది. తప్పు నిజంగా కారుదే! పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతని నకిలీ పైపు నిజం చెప్పింది.

"అందరూ ఇలా రండి!" అని కేకేశాడు. "చూడండి, ఇది ఒక కారు కాదు, రెండు కార్లు. గుద్దుకుని తుక్కైపోయిన కారు వెనక సగానికి, ఇంకో పాత మోడల్ కారు ముందు సగం తెచ్చి అతికించారు. నంబరు చెరిపేశారు. పైన రంగు కొట్టేశారు. ఇంక నా పైపు ఎలా పడుతుంది?"

"నడపడానికి పనికొస్తుందా బాసూ?" ఫోను పట్టుకునే అడిగింది రొహైజాన్.

"పనికి రావడమా! గట్టిగా బ్రేకు వేస్తే అతుకు దగ్గర విడిపోతుంది. దీన్లో ఎవర్ని తిప్పుతున్నారు మీరు?"

"నా కూతుళ్ళని. రోజూ బడికి."

రిద్జువాన్ చెయ్యి బానెట్ మీదే ఆగిపోయింది. అతనికీ బడికెళ్ళే కూతురుంది. అంతవరకూ షాపు పరువు కోసం మాట్లాడినవాడికి ఇప్పుడు నిజంగానే ఒళ్ళు మండింది.

"ఇక దీన్ని ముట్టుకోకండక్కా. మా వాడితో మిమ్మల్ని ఇంటి దగ్గర దింపిస్తా. మనుషులేనా వాళ్ళు? అమ్మినవాణ్ణే కాదు, వెనక కూర్చుని లాభం తినే యజమానిని కూడా లోపలెయ్యాలి. తెలీదంటే కుదరదు! పోలీసుల దగ్గరికైనా, కోర్టుకైనా నేనొచ్చి చెబుతా. ఇదే మాట చెబుతా."

షాపులో చప్పట్లు మోగాయి. స్టిక్కరు గీకుతున్నవాడు కూడా పైపు ఎక్కడిదక్కడ పెట్టేశాడు. చాలాకాలం తర్వాత రిద్జువాన్‌కి తన మీద తనకే గౌరవం కలిగింది.

రొహైజాన్ వీడియో ఆపి, ఎవరికో పంపి, ఫోను సంచిలో వేసుకుంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పండక్కా, ఎవడా దుర్మార్గుడు?"

"మెలకాలో పాత కార్లమ్మే మీ తమ్ముడు, బాసూ. కారులో లోపమేమీ లేదని నన్ను గెంటేస్తూ, 'నమ్మకపోతే కంపెనీ మా అన్న పేరు మీదే ఉంది, వెళ్ళి ఆయన్నే అడుక్కో' అన్నాడు. అందుకే ఒక పైపు కొనుక్కుని, వచ్చి అడిగాను."