మేజర్ సాహెబు గుర్రం

“పక్కకు తప్పుకోరా, ఘసీటా!” అన్నాడు మేజర్ పెంబ్రే సాహెబు, పిస్తోలు తీసి.

మా ఆయన కదలలేదు. తొమ్మిదేళ్లుగా మాలిష్ చేసిన గుర్రం మెడను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

“బిజ్లీకి ఏ రోగమూ లేదు హుజూర్. ఎందుకు చంపడం?”

“రేపు నేను విలాయతు వెళ్లిపోతున్నాను. ఇది ఏ టాంగావాడి చేతిలోనో కొరడా దెబ్బలు తినకూడదు. ఇది దయరా, నీకు అర్థం కాదు.”

“కొత్త కప్తాన్ సాహెబు కొంటానన్నారుగా?”

“అతనికి మాత్రం ససేమిరా ఇవ్వను!”

అప్పుడు నాకు అర్థమైంది. పఠాన్ల మీదికి ఒంటరిగా దూకిన వీరుడని ఈయనకు పతకమిచ్చి మేజరును చేశారు. నిజానికి బాకా మోతకు బెదిరి బిజ్లీయే పరుగు తీసింది. ఈయన జూలు పట్టుకుని, “ఆపండ్రా దీన్ని!” అని ఏడవడం వెనకే పరిగెత్తిన మా ఆయన విన్నాడు. ఆ తర్వాత ఈయన దాన్ని కవాతుకే తీసుకెళ్లలేదు. కప్తాను తీసుకెళితే, మొదటి బాకాకే రిసాలాలోని గుర్రపు దండు అంతటికీ ఆ వీరత్వం తెలిసిపోతుంది.

నేను గడ్డిమోపు దించి ముందుకొచ్చాను.

“మాకిచ్చెయ్యండి హుజూర్. మట్టి మోసుకుని బతుకుతుంది. మా ఊళ్లో బాకాలు ఊదేవాళ్లెవరూ లేరు.”

సాహెబు ముఖం కందగడ్డలా అయింది. మెల్లగా పిస్తోలు దించాడు.

“మీ ఊరు ఎంత దూరం?”

“మూడు రోజుల నడక.”

“ఈ పూటే బయలుదేరండి,” అన్నాడు ఆ పతకాల వీరుడు.