సున్నా అడుగులు

"తొంభై తొమ్మిది, వంద. ఆగు!" అన్నాడు లెక్కపెడుతున్న సహోద్యోగి.

నడవా చివర ఆమె ఆగి, మణికట్టుకున్న బ్యాండ్ చూసింది. సున్నా.

నడక కొలిచే బ్యాండ్లు తయారుచేసే ఆ కంపెనీలో వాటిని పరీక్షించడం వాళ్లిద్దరి పని.

"మామూలుగా నడిస్తే వందకి తొంభై ఎనిమిది చూపించింది. కాస్త మెల్లగా నడిస్తే అరవై. ఇదేమో సున్నా. చెయ్యి ఊగకపోతే దానికి అడుగే తెలీదు మరి. అయినా ఇలా ఎవరు నడుస్తారు చెప్పు?"

"మళ్లీ లెక్కపెట్టు."

బ్యాండున్న చెయ్యి గోడకు ఆనించి, ఎడమ కాలు ఈడుస్తూ, నాలుగడుగులకోసారి ఆగుతూ ఆమె మళ్లీ బయల్దేరింది. పదకొండు రోజులుగా ఇదే వరస. ఆ కాలు ఈడ్చే చప్పుడు ఇంటికెళ్లినా అతని చెవుల్లోంచి పోవడం లేదు.

"ఈ నడక ఎక్కడ పట్టావు?"

"మా అమ్మది."

"అయితే ఆవిడకే ఒకటి పెట్టి చూడొచ్చుగా? మనకీ తిప్పలు తప్పేవి."

"పెట్టాను. పుట్టినరోజుకి నేనే కొనిచ్చాను. ఎన్నడుగులు వేసిందో నా ఫోన్లో కనబడేది."

"ఏమన్నారు?"

"మురిసిపోయింది," అంది, గోడ మీంచి చెయ్యి తీయకుండా.

ఇంతలో మేనేజర్ కాగితాలతో వచ్చాడు. "బ్యాండ్ పరీక్షలో నెగ్గిందని సంతకం పెట్టమ్మా. వారంలో సరుకు బయటికెళ్లాలి. నత్తనడక వాళ్ల కోసం చేసింది కాదిది."

"వాళ్ల కోసమే కొంటారు సార్, పిల్లలు. అడుగు బ్యాండుకి అందనప్పుడు 'తెలియడం లేదు' అని చూపించాలి. సున్నా అని చూపించకూడదు."

"రెండిటికీ తేడా ఏముంది?"

"ఉంది సార్."

"ఇంత చిన్నదానికి ఉద్యోగం మీదకి తెచ్చుకుంటావా?"

"తెచ్చుకుంటాను. సంతకం మాత్రం పెట్టను."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో గానీ, గొంతు తగ్గించాడు. "సరే, మార్పించు. రెండు వారాలు. అంతకుమించి ఒక్క రోజు కూడా ఇవ్వను."

ఆయన వెళ్లగానే సహోద్యోగి చప్పట్లు కొట్టాడు. "సాధించావు! పెందలాడే ఇంటికెళ్లి అమ్మతో చెప్పు, సంతోషిస్తారు."

ఆమె బ్యాండ్ విప్పింది. దాని మీద ఇంకా సున్నాయే ఉంది.

అమ్మ కనబడకుండా పోయిన రోజు, ఫోన్లో సున్నా చూసి, వెతకబోయిన వాళ్లతో "గడప దాటలేదు, వీధుల్లో వెతకొద్దు" అన్నది తనే.